సగం సరే... దేంట్లో సగం?

‘రమ్య ఒక పుస్తకంలో పొద్దున 1/3 వంతు, సాయంత్రం 1/4 వంతు చదివింది. మొత్తం ఎంత వంతు చదివినట్టు?’

ఐదో తరగతి పిల్లలకు ఈ లెక్క ఇచ్చి చూడండి. చాలామంది చకచకా రాసిచ్చే జవాబు 2/7. పైనున్న ఒకట్లు రెండూ కలిపితే 2, కిందున్న మూడూ నాలుగూ కలిపితే 7. పని అయిపోయింది, ఇక ఆడుకోవడానికి వెళ్లిపోవచ్చు.

ఆ జవాబును ఒక్కసారి తేరిపార చూడండి. 1/3 అన్నా 2/6 అన్నా ఒకటే. ఆరు ముక్కల్లో రెండు కంటే ఏడు ముక్కల్లో రెండు చిన్నవి. అంటే 2/7 అన్నది 1/3 కంటే తక్కువ. పాపం రమ్య సాయంత్రం కూడా కూర్చుని చదివితే, పొద్దున చదివినదాంట్లోంచి కొన్ని పేజీలు ఎగిరిపోయాయన్నమాట! ఈ మాట చెప్పగానే పిల్లలు పకపకా నవ్వుతారు. తప్పు ఎక్కడుందో వాళ్లకే తెలిసిపోతుంది. తెలిసే తెలివి వాళ్ల దగ్గర ముందునుంచీ ఉంది. రాసినదాన్ని తిరిగి చూసుకునే అలవాటే లేదు. ఆ అలవాటు గురించే ఈ వ్యాసం.

మన పిల్లలే ఇలా చేస్తారనుకోకండి. 1978లో అమెరికాలో జాతీయ స్థాయిలో జరిగిన ఒక పరీక్షలో 13 ఏళ్ల పిల్లలను 12/13 + 7/8 సుమారుగా ఎంతో చెప్పమన్నారు. కచ్చితమైన జవాబు అక్కర్లేదు. 1, 2, 19, 21 అని నాలుగు అంకెలిచ్చి, వీటిలో దేనికి దగ్గరగా ఉంటుందో చెబితే చాలన్నారు. 12/13 దాదాపు ఒకటి, 7/8 కూడా దాదాపు ఒకటి. రెండూ కలిస్తే రెండుకు దగ్గర. ఇంతే సంగతి. సరైన జవాబు పట్టుకున్నది 24 శాతం మంది. పైవి కలిపి 19 అన్నవాళ్లు అంతకంటే ఎక్కువ, కిందవి కలిపి 21 అన్నవాళ్లూ అంతకంటే ఎక్కువే. ఒకటికి మించని రెండు సంఖ్యలు కలిస్తే పంతొమ్మిది ఎలా అవుతాయన్న సందేహమే వాళ్లకు రాలేదు.

ఇంకో ముచ్చట ఫ్రాన్స్‌ది. 1980 ప్రాంతంలో గ్రెనోబుల్‌లో లెక్కల బోధన మీద పనిచేసేవాళ్లు చిన్న తరగతుల పిల్లలకు ఒక ప్రశ్న ఇచ్చారు. ‘ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి. కెప్టెన్ వయసెంత?’ 97 మందిని అడిగితే 76 మంది ఆ రెండు అంకెలనూ ఏదో ఒకటి చేసి వయసు చెప్పేశారు. గొర్రెలకీ కెప్టెన్‌కీ ఏం సంబంధమని అడిగినవాళ్లు తక్కువ. వాళ్లేం మందబుద్ధులు కారు. లెక్కల పుస్తకంలో అచ్చయిందంటే దానికొక జవాబు ఉండి తీరుతుందని, కనిపించిన అంకెలన్నీ వాడేస్తే అది వస్తుందని బడే వాళ్లకు నేర్పింది.

మన బళ్లు నేర్పేదీ అలాంటిదే. ‘మొత్తం’ అని ఉంటే కూడిక, ‘మిగిలింది’ అని ఉంటే తీసివేత. ఈ చిట్కా చెప్పని ట్యూషను దొరకదు. సరే, ఈ లెక్క చూడండి. ‘రవి రిబ్బన్‌లోంచి 1/2 మీటరు కత్తిరించి ఇచ్చేశాడు. ఇంకా 3/4 మీటరు మిగిలింది. మొదట రిబ్బన్ పొడవెంత?’ ఇందులో ‘మిగిలింది’ ఉంది, ‘ఇచ్చేశాడు’ ఉంది. చిట్కా నమ్ముకున్న పిల్ల తీసివేసి 1/4 అంటుంది. మిగిలిన ముక్కే ముప్పావు మీటరుంటే మొదటి రిబ్బన్ పావు మీటరు ఎలా అవుతుంది? ఇచ్చిందీ మిగిలిందీ కలిపితేనే మొదటి పొడవు, ఒకటింపావు మీటరు. చిట్కా పరీక్షలో పది లెక్కలకు పనికొస్తుంది, పదకొండోదాంట్లో నిలువునా ముంచుతుంది. దాన్ని ఎంత తొందరగా మరిచిపోతే అంత మంచిదని నా అభిప్రాయం.

చిట్కా తీసేశాక దాని స్థానంలో ఏదో ఒకటి పెట్టాలి కదా. నేనైతే ఒకే ఒక ప్రశ్న పెడతాను: దేంట్లో?

సగం అంటే దేంట్లో సగం? మూడో వంతు అంటే ఎందులో మూడో వంతు? భిన్నం ఒంటరిగా నిలబడదు, దాని వెనక ఎప్పుడూ ఒక ‘మొత్తం’ ఉంటుంది. పెద్ద సీసాలో సగం నూనె, చిన్న సీసాలో సగం నూనె ఉంటే రెండూ కలిపి ‘ఒక సీసా’ అనలేం. ఏ సీసా? లీటర్లలో కొలిస్తే తప్ప ఆ కూడికకు అర్థమే లేదు. రెండు భిన్నాలను కలపాలంటే రెండింటి వెనకా ఉన్న ‘మొత్తం’ ఒకటే అయి ఉండాలి. హారాలు సమానం చేయడం, క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) కట్టడం, అవన్నీ దీని తర్వాతి మాటలు.

రమ్య దగ్గరికే మళ్లీ వెళదాం. పొద్దున 1/3, సాయంత్రం 1/4. పుస్తకాన్ని పన్నెండు సమాన భాగాలనుకుంటే పొద్దున 4, సాయంత్రం 3, మొత్తం 7/12. ఇప్పుడు లెక్కలో ఒకే ఒక మాట చేర్చండి: ‘పొద్దున 1/3 వంతు, సాయంత్రం మిగిలినదాంట్లో 1/4 వంతు చదివింది.’ అంకెలు అవే. పన్నెండు భాగాల్లో నాలుగు పొద్దున అయిపోయాయి, ఎనిమిది మిగిలాయి. ఆ ఎనిమిదిలో నాలుగో వంతు అంటే రెండు. మొత్తం ఆరు భాగాలు, అంటే సరిగ్గా సగం పుస్తకం. మొదటి లెక్కలో పావు అంటే మొత్తం పుస్తకంలో పావు, రెండో లెక్కలో పావు అంటే మిగిలిన పేజీల్లో పావు. ‘దేంట్లో?’ అని అడిగిన పిల్ల ఆ మాట దగ్గర ఆగుతుంది. అడగనిది మళ్లీ 7/12 రాసేసి, మార్కులు పోయాక ‘అయ్యో, చూసుకోలేదు’ అంటుంది. ‘చూసుకోలేదు’ అన్నది పిల్లల మాటే అనుకుంటాం గానీ, బ్యాంకు కాగితాల మీద సంతకం పెట్టి వచ్చిన పెద్దలు కూడా అచ్చంగా అదే మాట అంటారు.

ఇంట్లో దీన్ని ఎలా అలవాటు చేయాలి? ఒక లెక్క తీసుకుని పూర్తిగా నడిచి చూద్దాం. ‘సున్నుండల కోసం 3/4 కిలో మినుములు, 2/3 కిలో బెల్లం తీసుకున్నారు. రెండూ కలిపి ఎంత బరువు?’ పిల్ల పుస్తకం పట్టుకుని వంటింట్లోకి వచ్చింది.

“అమ్మా, ఇది కూడికా, తీసివేతా?”

“అది తర్వాత చూద్దాం. ముందు పెన్సిల్ కింద పెట్టి కథేంటో చెప్పమ్మా.”

“త్రీ బై ఫోర్ కేజీ...”

“అంకెలొద్దు. కథ చెప్పు.”

“వాళ్లు సున్నుండలు చేస్తున్నారు. మినుములు తీసుకున్నారు, బెల్లం తీసుకున్నారు. రెండూ కలిపి ఎంత బరువు అంటున్నారు.”

“కిలో దాటుతుందా, దాటదా?”

“ముప్పావు అంటే సగం కంటే ఎక్కువ. మూడింట్లో రెండు... అదీ సగం కంటే ఎక్కువే. దాటుతుంది.”

“రెండు కిలోలవుతుందా?”

“ఛ, అంతెందుకవుతుంది! రెండూ కిలోకి తక్కువే కదా.”

ఇంతవరకూ పిల్ల ఒక్క అంకె కూడా రాయలేదు. అయినా జవాబు ఒకటికీ రెండుకీ మధ్య ఉంటుందని తేల్చేసింది. లవాలూ హారాలూ విడివిడిగా కలిపి 5/7 అని రాస్తే ఇక తనే నమ్మదు. అంకెల్లేకుండా కథ చెప్పించడం, జవాబు ఎంత ఉండొచ్చో ముందే అంచనా వేయించడం, ఈ రెండే తల్లిదండ్రులు చేయాల్సిన పని. మిగతాది పిల్ల చేసుకుంటుంది.

హారాలు వేరువేరుగా ఉన్నాయి కాబట్టి ఆ తర్వాత కాస్త కాగితం పని ఉంది. నోటుబుక్కులోంచి ఒకే సైజు కాగితాలు రెండు తీయండి. మొదటిదాన్ని నిలువుగా నాలుగు సమాన పట్టీలు వచ్చేలా మడిచి విప్పి, మూడు పట్టీలకు రంగు వేయమనండి. అది 3/4. రెండోదాన్ని అడ్డంగా మూడు పట్టీలు చేసి రెండింటికి రంగు వేయమనండి. అది 2/3. ఇప్పుడు రంగు ముక్కలు లెక్కపెట్టి కలపమంటే పిల్ల తనంతట తనే ఆగిపోతుంది. ఒక కాగితంలో ముక్కలు సన్నం, ఇంకోదాంట్లో వెడల్పు. వేరువేరు సైజుల ముక్కల్ని కలిపి ‘ఇన్ని’ అనలేమని కంటికే కనిపిస్తోంది. అప్పుడు మొదటి కాగితాన్ని అడ్డంగా మూడుగా, రెండోదాన్ని నిలువుగా నాలుగుగా మళ్లీ మడవమనండి. రెండింట్లోనూ పన్నెండేసి గళ్లు, అన్నీ ఒకే సైజువి. మొదటిదాంట్లో రంగు గళ్లు 9, రెండోదాంట్లో 8. మొత్తం 17. అందులో 12 గళ్లు ఒక నిండు కిలో, పైన ఇంకో 5/12 కిలో. అంచనా వేసినట్టే ఒకటికీ రెండుకీ మధ్య వచ్చింది. అనుమానముంటే గ్రాముల్లో చూడండి: 750, సుమారు 667, కలిపితే 1417 గ్రాములు. ఒక కిలో, దాని మీద 5/12 కిలో అన్నా అంతే.

కాగితాలు మడిచిన పిల్లకు ‘హారాలు ఎందుకు సమానం చేయాలి?’ అన్న ప్రశ్నకు జవాబు వేళ్లల్లోనే ఉంటుంది. ఆ తర్వాతే క.సా.గు. చెప్పండి. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు ‘గణితసార సంగ్రహం’లో భిన్నాలకే ఒక అధ్యాయం పెట్టి, హారాలన్నింటినీ గుడ్డిగా గుణించుకుంటూ పోకుండా వాటి క.సా.గు.తో పని తేల్చే పద్ధతి చెప్పాడు. ఆ గ్రంథాన్నే పావులూరి మల్లన పద్యాల్లో తెలుగు చేశాడు. తెలుగులో మొట్టమొదటి లెక్కల పుస్తకం అదే. కాబట్టి ‘లెక్కలు ఇంగ్లిషులో అయితేనే వస్తాయి’ అనేవాళ్లకు మల్లన్నను గుర్తు చేయొచ్చు.

క.సా.గు. అన్నది శ్రమ తగ్గించే ఉపాయం, అంతే. 1/6కీ 3/8కీ హారాలు గుణించి 48 తీసుకున్నా 8/48, 18/48 కలిపి 26/48 వస్తుంది, సగానికి తగ్గిస్తే 13/24. క.సా.గు. 24 తీసుకుంటే నేరుగా 4/24, 9/24 కలిపి అదే 13/24. పెద్ద హారంతో చేసిన పిల్లకు ఇంటూ గుర్తు కొట్టే మాస్టార్లున్నారు. ఆమె చేసింది తప్పు కాదు, కాస్త దూరపు దారి. తప్పుకీ దూరపు దారికీ తేడా తెలియని దిద్దుబాటు పిల్లలకు లెక్కలంటే భయం పుట్టిస్తుంది. ఇక ట్యూషన్లలో ఇప్పుడు ‘సీతాకోకచిలుక పద్ధతి’ అని రెక్కలు గీసి అడ్డగుణకారం నేర్పుతున్నారు. రెండు భిన్నాలకు పనిచేస్తుంది. మూడో భిన్నం రాగానే పిల్లలు ఏ రెక్క ఎటు గీయాలో తెలియక తికమక పడతారు.

పల్లెటూరి తాతలకు ఈ గొడవేమీ లేదు. తెలంగాణలో ఒక రైతుకు ఒకచోట ముప్పావు ఎకరం, ఇంకోచోట 15 గుంటలు ఉందనుకోండి. ఎకరానికి 40 గుంటలు. ముప్పావు అంటే 30, దానికి 15 కలిపితే 45, అంటే ఎకరం మీద ఐదు గుంటలు. నోటితోనే తేల్చేస్తాడు. ఆంధ్రలో అయితే సెంట్లు, ఎకరానికి వంద. ముప్పావు ఎకరం, 40 సెంట్లు కలిస్తే ఎకరం పదిహేను సెంట్లు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చేదాకా రూపాయికి పదహారణాలు. పావలాకి బేడ కలిపితే ఆరణాలు అని చిన్న పిల్లలు కూడా దుకాణంలో చెప్పేవారు. అది 1/4 + 1/8 = 3/8 అన్న లెక్కే. వాళ్లు ముందుగా రెండింటినీ ఒకే కొలతలోకి తెచ్చుకునేవారు, ఆ కొలత ఏమిటో వాళ్లకు స్పష్టంగా తెలుసు. మీ ఇంట్లో భూమి లెక్కలు తెలిసిన పెద్దాయన ఉంటే భిన్నాల పాఠం ఆయనకు అప్పగించండి. మనవరాలు మీ దగ్గర కంటే ఆయన దగ్గర బాగా నేర్చుకుంటుంది.

లెక్క అయిపోయాక వెనక్కి తిరిగి చూడటం గురించి జార్జ్ పోయా అనే హంగేరియన్ గణితవేత్త 1945లో ‘హౌ టు సాల్వ్ ఇట్’ అనే పుస్తకంలో రాశాడు. సమస్యను అర్థం చేసుకో, ఉపాయం ఆలోచించు, చేసి చూడు, ఆఖరున చేసినదాన్ని తిరిగి పరిశీలించు అని నాలుగు మెట్లు చెప్పాడు. మన పిల్లలు మూడో మెట్టు మీదే పుట్టి అక్కడే ఆగిపోతున్నారు. తిరిగి పరిశీలించడం అంటే మళ్లీ గుణకారాలన్నీ చేయడం కాదు. ముందు వేసిన అంచనాకు జవాబు సరిపోయిందా? అడిగిందే చెప్పానా? రమ్య లెక్కలో ‘ఇంకా ఎంత వంతు చదవాలి?’ అని అడిగితే 7/12 దగ్గర పేపరు మూసేసేవాళ్లు ఎందరో. అక్కడ కావాల్సింది 5/12. ప్రశ్న ఆఖరి వాక్యాన్ని లెక్క అయ్యాక మరోసారి చదివించండి. అర నిమిషం పని.

ఈ గొడవంతా ఎందుకు, పై తరగతుల్లో అదే వస్తుందిలే అనుకుంటున్నారా? అమెరికా, బ్రిటన్ పిల్లల వివరాలను ఏళ్ల తరబడి గమనించి రాబర్ట్ సీగ్లర్ బృందం 2012లో ఒక పరిశోధన ప్రచురించింది. పదేళ్ల వయసులో భిన్నాలు, భాగహారం ఎంత బాగా వచ్చో చూస్తే హైస్కూల్లో ఆల్జీబ్రా, మొత్తంగా లెక్కలు ఎలా ఉంటాయో చాలావరకు అంచనా వేయొచ్చని, కుటుంబ ఆదాయం, తెలివితేటల వంటి తేడాలను పరిగణించినా ఆ సంబంధం నిలబడిందని తేల్చింది. ఇది పిల్లల నుదుటి రాత అని భయపడమనడం లేదు. పదేళ్లప్పుడు వారానికి మూడు సాయంత్రాలు దీనికి పెట్టడం దండగ కాదంటున్నాను.

ఆ సాయంత్రాల్లో మీరు చేయకూడనివి కొన్ని ఉన్నాయి. పిల్లల చేతిలోంచి పెన్సిల్ లాక్కోకండి. ‘ఇంత చిన్న లెక్క రాదా?’ అనకండి. ఆ మాట అన్నాక ఆ పూటకు పాఠం ముగిసినట్టే. ప్రశ్న అడిగి నోరు మూసుకుని కూర్చోవడం పెద్దలకు నిజంగా కష్టం, నాకు తెలుసు. మనం నిశ్శబ్దాన్ని భరించలేం, వెంటనే సగం జవాబు అందించేస్తాం. ఫోను పక్క గదిలో పెట్టి, గట్టిగా ఒక నిమిషం ఆగండి. పిల్లలు ఆ నిమిషంలోనే ఆలోచిస్తారు. ఇరవై లెక్కల వర్క్‌షీటు కంటే ఇలా ఒక్క లెక్క నిండుగా చేయడం మేలు.

కొన్నాళ్లకు ఆట తిప్పండి. లెక్క మీరు ఇవ్వకండి. కాగితం మీద 1/2 + 1/3 అని రాసి, దీనికొక కథ చెప్పమనండి. ‘నా దగ్గర సగం చాక్లెట్టుంది, తమ్ముడి దగ్గర మూడో వంతుంది’ అంటాడు పిల్లాడు. ‘రెండూ ఒకే చాక్లెట్టువా? వేరువేరువా? రెండూ ఒకే సైజా?’ అని అడగండి. ముందు తలగోక్కుంటాడు, తర్వాత కథను సరిచేస్తాడు. కథ అల్లగలిగితే వాడికి భిన్నం వచ్చినట్టే. పరీక్ష పెట్టి చూడక్కర్లేదు.

ఈ ప్రశ్న అలవాటైన పిల్లలు లెక్కల పీరియడ్ బయట కూడా ఊరుకోరు. పండగ సేల్‌లో ‘50 శాతం తగ్గింపు, దాని మీద అదనంగా 20 శాతం’ అని బోర్డు చూసి నాన్న ‘డెబ్బై శాతం తగ్గింది’ అని మురిసిపోతే, ఆ ఇరవై దేంట్లో అని అడుగుతారు. వెయ్యి రూపాయల చొక్కా ముందు 500 అవుతుంది, ఇరవై శాతం ఆ 500లో, అంటే ఇంకో వంద. చివరికి ఇవ్వాల్సింది 400, తగ్గింది 60 శాతమే. అలాంటి పిల్లని దుకాణానికి వెంట తీసుకెళ్లండి, లాభముంటుంది.

ఇక ఈ ఆదివారానికి ఒక లెక్క. భాస్కరాచార్యుడు 1150లో రాసిన ‘లీలావతి’లోది. ఒక తుమ్మెదల గుంపులో 1/5 వంతు కదంబ పూల మీద వాలాయి. 1/3 వంతు శిలీంధ్ర పూల మీద వాలాయి. ఈ రెండు వంతుల తేడాకు మూడు రెట్లు కుటజ పూల దగ్గరికి వెళ్లాయి. ఒక్క తుమ్మెద మాత్రం ఎటూ వాలకుండా గాలిలో తిరుగుతోంది. గుంపులో మొత్తం తుమ్మెదలెన్ని? పిల్లల్ని ముందు కథ చెప్పమనండి, బొమ్మ గీయమనండి, వాలినవన్నీ కలిపి ఎంత వంతయ్యాయో చూడమనండి. జవాబు 15. అది మీ దగ్గరే ఉంచుకోండి, వాళ్లు వచ్చి చెప్పేదాకా బయటపెట్టకండి.